ఆదిలాబాద్ నుంచి మాట్లాడుతున్నాను

గోదావరిఖనిలో కాస్త వయసు మళ్లినవాళ్లకు సరోజన మొహం తెలియకపోయినా గొంతు తెలుసు. బొగ్గు గనుల కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె చాలా ఏళ్లు ఆపరేటరుగా పనిచేసింది. ఊపిరి జబ్బుతో తండ్రి ఇక గనిలోకి దిగలేడని డాక్టర్లు తేల్చినప్పుడు ఆ ఇంటికి దక్కిన ఉద్యోగం పెద్దకూతురు సరోజనకు వచ్చింది. గని నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బంగ్లాకు, బంగ్లా నుంచి మళ్లీ గనికి, ఏ కబురు పోవాలన్నా ఆమె చేతిలోని ప్లగ్గు మీదుగానే పోవాలి. షిఫ్టు మారే వేళకు బోర్డు మీద చిన్న చిన్న రేకు మూతలు టపటపా రాలేవి. ఒక్కో మూత వెనక ఫోన్ ఎత్తి పిలుస్తున్న ఒక్కో మనిషి. ఎవరిది తొందర పనో, ఎవరిని క్షణం ఆపవచ్చో గొంతు వినీ వినగానే ఆమెకు తెలిసిపోయేది.

తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. నడుమ మనిషి అక్కర్లేకుండానే ఫోన్లు కలిసిపోసాగాయి. సరోజనను డిస్పాచ్ సెక్షన్లో వేశారు. కవర్లకు స్టాంపులు అంటించాలి, ముద్ర వేయాలి. అక్కడ గొంతుతో పనిలేదు. ఇంటికి వస్తే భర్త రాజలింగు. గనిలో డ్రిల్లు మిషను మోతకు అతని చెవులు సగం పోయాయి. ఏదైనా చెప్పాలంటే పక్కకు పోయి అరవాలి. అరిచి చెప్పడమూ మాట్లాడటమూ ఒకటి కావు. రిటైరయ్యే దాకా ఆమెకు అలాగే గడిచింది.

గోదావరి పొంగి మంథని వైపు ఊళ్లు మునిగిన ఏడాది, ఖనిలో ఒక బడిలో ముంపు జనానికి వసతి ఏర్పాటు చేశారు. సరోజన అక్కడ అన్నం వడ్డించడానికి పోయింది. ఒక గదిలో, సొంత వైర్‌లెస్ సెట్లతో దూరం వాళ్లతో మాట్లాడుకునే కరీంనగర్ హామ్ రేడియో క్లబ్బు వాళ్లు సెట్టు పెట్టుకుని కూర్చున్నారు. సెల్‌ఫోన్లు పనిచేయడం లేదు. ఎక్కడో నీళ్ల అవతల ఉన్న మనిషి గొంతు మాత్రం గరగరమంటూ ఆ గదిలోకి వస్తోంది. సరోజన పప్పు బకెట్టు చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది.

"గిండ్ల మాట్లాడాల్నంటే ఏం జెయ్యాలె సారూ?" అని అడిగింది.

ఆ క్లబ్బు సెక్రెటరీ మల్లేష్, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. "పరీక్ష రాయాలెనమ్మా. పాసైతే సర్కారు లైసెన్సు ఇస్తది. మీకంటూ ఒక కాల్‌సైన్ వస్తది. ఆ అక్షరాలు దునియాల ఇంకెవలకూ ఉండవు," అన్నాడు.

ఆమె రాసింది. ఒకసారి తప్పి, రెండోసారి పాసయింది. రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల ఇంటి డాబా మీద రెండు గొట్టాలు పాతించి నడుమ యాంటెన్నా తీగ కట్టించి, ఇంట్లో సెట్టు పెట్టించుకుంది. మైకు పట్టుకున్న మొదటి రోజున ఆమె గొంతు కొంచెం వణికింది. రెండో రోజు వణకలేదు.

హామ్‌లకు ఏటా దసరా సెలవుల్లో జిల్లాల పోటీ జరుగుతుంది. శని, ఆదివారాలు రెండూ, పొద్దంతా. ఎంతమందితో మాట్లాడారు, ఎన్ని జిల్లాల వాళ్లను కలిశారు అన్నదాన్నిబట్టి మార్కులు. బండిలో సెట్టు పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇంకో వీలుంది. జిల్లా దాటినప్పుడల్లా వాళ్లు కొత్త స్టేషను కిందే లెక్క. పొద్దున మాట్లాడినవాళ్లతోనే సాయంత్రం మళ్లీ మాట్లాడవచ్చు.

మొదటి ఏడు సరోజన ఇంట్లో కూర్చునే పోటీ చేసింది. కొల్లం నుంచి ఒక పెద్దాయన కలిశాడు. హిందీలో పలకరిస్తూ, మీ వైపు జిల్లాలన్నీ దొరికాయి గాని ఆదిలాబాద్ ఒక్కటి ఇన్నేళ్లుగా దొరకలేదు, అక్కడ మనుషులు లేరా అమ్మా అని నవ్వాడు. ఎగతాళి ఏమీ లేదు ఆ నవ్వులో. అయినా సరోజనకు అది ముల్లులా గుచ్చుకుంది. ఆమె చూడని ఊరు కాదది. పైగా ఎదురింటి గంగుబాయి పుట్టిల్లు ఆదిలాబాద్ పక్కన జైనథ్ దగ్గరే.

గంగుబాయి స్కూలు వ్యాను నడుపుతుంది. పసుపు రంగు బండి. పెళ్లయి ఖనికి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మాటలో పుట్టింటి మరాఠీ పోలేదు. సరోజన ఆమె వాకిట్లో కూర్చుని సంగతంతా చెప్పింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ ముక్కలై ఇప్పుడెన్నో చిన్న జిల్లాలయ్యాయి. రెండు రోజుల్లో బండి మీద తిరిగితే ఏడు జిల్లాల నుంచి మాట్లాడవచ్చు. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ శనివారం. ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల ఆదివారం. దసరా సెలవులు కనుక వ్యానుకు పనిలేదు.

గంగుబాయి అంతా విని, "అయితె నా బండి నెత్తి మీద కొమ్ము మొలిపిస్తవన్నట్టు," అంది.

"గంతే."

"మా మాయ్ ఊరి దాంక పోతమా?" అమ్మను ఆమె మాయ్ అనే అంటుంది.

"అటే పోతం."

"ఇగ అడుగుడెందుకు అక్కా. డీజిల్ కొట్టిస్త."

కరీంనగర్ క్లబ్బు మీటింగులో సరోజన ఈ మాట చెప్పినప్పుడు మల్లేష్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, మధ్యల ఘాటు రోడ్డుంది. ఊగే బండిల రెండు దినాలు కూసునుడు కష్టం. మీరు ఇంట్ల నుంచి చేసినా మంచి మార్కులే వస్తయి," అన్నాడు. ఆమె నడుంనొప్పి సంగతి అతనికి తెలుసు.

"ఇంట్ల కూసుంటె పెద్దపల్లి జిల్లా ఒక్కటే గద సారూ. నౌకరి చేసినన్ని దినాలు బోర్డు ముంగట కుర్సీల కూసున్న. ఇప్పుడు బోర్డునే ఎంబడి పట్కపోత. జర మీరు బండి జూడున్రి."

మల్లేష్ నవ్వి, ఆ ఆదివారమే ఖనికి వచ్చాడు.

వ్యానులో వెనక సీటు విప్పారు. దాని చోట ఒక టేకు పలక బిగించి దాని మీద మల్లేష్ తెచ్చిన క్లబ్బు సెట్టును బెల్టుతో కట్టారు. బండి బ్యాటరీ కాక ఇంకో పెద్ద బ్యాటరీ కింద పెట్టారు. నడుమ కుదుపుకో గుంతకో తీగలు ఊడకుండా ప్రతి జాయింటూ మల్లేష్ రెండుసార్లు లాగి చూశాడు. పైన క్యారియరుకు పట్టీ వెల్డింగు చేయించి యాంటెన్నా నిలబెట్టారు. కింద నున్నటి ఫైబరు కర్ర, నడుమ రాగి తీగ చుట్ట, పైన సన్నటి ఉక్కు ఊచ. బండి నిలబడి ఉంటే అది తాడిచెట్టు ఆకులా కొంచెం కొంచెం ఊగుతుంది. వీధిలో పిల్లలు చుట్టూ మూగారు. రాజలింగు అరుగు మీద కుర్చీ వేసుకుని పొద్దంతా చూశాడు.

పరీక్షించడానికి చొప్పదండి వైపు బయలుదేరారు. ఇంజను నడవగానే సెట్టులో కీచుమని ఒకటే రొద. గంగుబాయి యాక్సిలరేటరు తొక్కితే రొద పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఒక్క మనిషి మాట కూడా దాని మధ్య వినబడటం లేదు. ఇట్లయితే ఇంజను ఆపుకుని మాట్లాడటం తప్ప దారి లేదని, దాంతో సగం వేళ వృథా అవుతుందని మల్లేష్ అన్నాడు. సరోజన హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు విన్నది.

"కీచు ఒక్కటే గాదు సారూ. దాని కింద ఇంకో బుర్రుమనే సప్పుడున్నది. ఎక్స్ఛేంజిల ఎర్తు సక్కగ లేనప్పుడు గట్లనే మోగేది."

"రెండు రోగాలన్నట్టు," అన్నాడు మల్లేష్. కీచుకు అతను కరెంటు తీగ దారిలో ఒక వడపోత పెట్టాడు. రెండోదాని కోసం రాగి అల్లిక తీగ ముక్కలతో తలుపులనూ, బానెట్టునూ, పొగ గొట్టాన్నీ బండి చట్రానికి ఒక్కొక్కటే కలుపుతూ పోయాడు. ఒక్కోటి కలిపినప్పుడు సరోజన చెవి పెట్టి "కొంచెం తగ్గింది", "ఏం తగ్గలే" అని చెబుతూ వచ్చింది. తీగ అంటడానికి అతను బండి రంగు గీకిన చోటల్లా గంగుబాయి పళ్లు కొరుక్కుంది. పొగ గొట్టం కలపగానే రొద అణిగిపోయింది. వెంటనే ఎవరో నాగపూర్ మనిషి వాతావరణం గురించి మాట్లాడుతూ స్పష్టంగా వినబడ్డాడు. ముగ్గురూ రోడ్డు పక్కనే ఫ్లాస్కులోని చాయ్ పంచుకుని తాగారు.

పోటీ నాటి శనివారం అనుకున్నది అనుకున్నట్టే నడిచింది. తెల్లవారేసరికి చొప్పదండి పొలాల మధ్య ఉన్నారు. అక్కడి నుంచి కరీంనగర్ జిల్లా పేరుతో మొదలుపెట్టారు. పెద్దపల్లి దగ్గర వరి కోతకు వచ్చిన మళ్ల పక్కన ఆగారు. మధ్యాహ్నానికి గోదావరి వంతెన దాటి మంచిర్యాల జిల్లాలో పడ్డారు. ఒడిలో అట్టకు బిగించిన కాగితం మీద రాసుకుంటూ, ఎడమ చేత్తో సెట్టు తిప్పుతూ సరోజన మాట్లాడుతూనే ఉంది. పొద్దుగూకే వేళకు ఆసిఫాబాద్ చేరి, గంగుబాయి చుట్టాలింట్లో జొన్నరొట్టె తిని పడుకున్నారు. మల్లేష్ ఫోన్ చేశాడు. బండ్ల విభాగంలో కర్ణాటక కుర్రాళ్ల జీపు ఒకటి గట్టిగా తిరుగుతోందనీ, మీరు వాళ్లకు దరిదాపుల్లోనే ఉన్నారనీ చెప్పాడు.

ఆదివారం పొద్దున ఘాటుకు ముందు చెక్‌పోస్టులో ఒక కానిస్టేబుల్ ఆపాడు. బండి చుట్టూ తిరిగి యాంటెన్నా వైపు చూశాడు.

"గిదేందమ్మా, వైర్లెస్సా? ఎవలతోని మాట్లాడుతున్నరు?"

"ఎవలు వలికితె వాళ్లతోని," అని సరోజన లైసెన్సు చూపించింది. అతను అది చదివి తిరిగిచ్చాడు గాని బండి దగ్గర నుంచి కదలలేదు. వినాలని ఉందని ఆమెకు అర్థమైంది. హెడ్‌ఫోన్లు పీకి స్పీకరులో పెట్టి పిలిచింది. బీదర్ నుంచి జవాబు వచ్చింది. కానిస్టేబుల్ మొహం పిల్లవాడి మొహంలా అయిపోయింది. తనే పోయి గేటు ఎత్తాడు.

కెరమెరి ఘాటు ఎక్కేటప్పుడు దెబ్బ తగిలింది. మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. గంగుబాయి బండిని అంచుకు తీసింది. పైన ఫట్‌మని శబ్దం. రోడ్డు మీదికి వంగిన టేకు కొమ్మ ఒకటి యాంటెన్నాను పట్టుకుని వదిలింది. దిగి చూస్తే కింది ఫైబరు కర్ర నిలువునా చీలింది. పై భాగమంతా పక్కకు వాలి వేలాడుతోంది.

గంగుబాయి మళ్లీ బండి ఎక్కి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. "నేను ఆడ్నే ఆపితె అయిపోయేది అక్కా."

"ఆపితె బస్సోడు మన మీదికి ఎక్కెటోడు. దిగు, ఏదన్న జేద్దం."

రాగి చుట్టకు దెబ్బ తగల్లేదు. అదొక్కటీ చూసి సరోజన ధైర్యం తెచ్చుకుంది. ఊచను విప్పి బండిలో పెట్టుకుని మెల్లగా జైనూర్ చేరారు. అక్కడ సైకిళ్లకు పంక్చర్లు వేసే అంబదాస్ అనే ముసలాయన దుకాణం కనిపిస్తే బండి ఆపారు. గంగుబాయి మరాఠీలో సంగతి చెప్పింది. అంబదాస్ విరిగిన కర్రను చేతిలో తిప్పి చూసి, ఇది కాలు విరిగినట్టే, దబ్బలు కట్టాలి అన్నాడు. వెనక పెరట్లోంచి ఎండిన వెదురు తెచ్చి చీల్చాడు. నాలుగు బద్దలు చుట్టూ పెట్టి, పాత సైకిలు ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి బిగించి చుట్టాడు. ఒకసారి కట్టింది వదులైందని విప్పి మళ్లీ కట్టారు. రాగి చుట్టను దాని నెత్తిన నిలబెట్టి, కింద తీగను కొత్తగా అతికేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఇచ్చింది తీసుకోను, అది మాట్లాడుతుందో లేదో నాకు వినిపించండి చాలు అన్నాడాయన. సెట్టు వేసి సరోజన పిలిచింది. యవత్మాల్ మనిషి మరాఠీలో పలికాడు. అంబదాస్ మైకు దగ్గరికి మొహం పెట్టి నమస్కారం చెప్పాడు.

మూడు జిల్లాలు తిరగాల్సిన పొద్దులో ఇక మిగిలింది కొద్ది గంటలే. ఉట్నూరు దాటి, గుడిహత్నూరుకు చేరేముందు రోడ్డు పక్కన కాస్త ఎత్తైన చోటు కనిపించింది. రెండు వైపులా పత్తి చేలు. అప్పుడప్పుడే కాయలు పగులుతున్నాయి. బండి ఆపారు. అక్కడ అరగంట మాట్లాడి, పెద్ద రోడ్డు ఎక్కి నిర్మల్ వైపు తిరిగిపోతే సాయంత్రంలోగా జగిత్యాల కూడా అందుతుందని మల్లేష్ ఫోన్లో చెప్పాడు. అదీ లెక్క.

సరోజన మైకు తీసుకుంది. తన కాల్‌సైన్ చెప్పి, "ఆదిలాబాద్ జిల్లా నుంచి మాట్లాడుతున్నాను," అని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి అంది. క్షణం నిశ్శబ్దం. తర్వాత సెట్టులో గోల లేచింది. ఒకరి మీద ఒకరుగా పదులకొద్దీ గొంతులు. ఏ అక్షరం ఎవరిదో తెలియకుండా అన్నీ కలిసి ఒక హోరు. గంగుబాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"ఏమైంది అక్కా, మళ్ల ఖరాబైందా?"

"లేదు గంగూ. పిలుస్తున్నరు. మనల్నే."

సరోజన కళ్లు మూసుకుంది. హోరులోంచి ఒక సన్నటి గొంతు చివర రెండు అక్షరాలు పట్టుకుని ఆ రెండే తిరిగి పలికింది. మిగతావాళ్లు ఆగారు. ఆ మనిషి రాజ్‌కోట్ నుంచి తన పూర్తి అక్షరాలు చెప్పాడు. గొంతు ఎంత బాగా వినబడుతోందో మార్కు ఇచ్చి, పుచ్చుకుని, థాంక్యూ చెప్పి తర్వాతి గొంతుకు పోయింది. మంగళూరు. కటక్. కోయంబత్తూరు. ఇండోర్. బలహీనంగా వినబడినవాళ్ల కోసం బలమైనవాళ్లను ఒక నిమిషం ఆగమని బతిమాలింది. వాళ్లు ఆగారు. పొద్దు వాలేకొద్దీ ఆ రేడియో అలలు దూరం పోతాయి. మధ్యాహ్నం ఎండలో వచ్చి ఉంటే ఇంత దూరం వాళ్లు ఆమెకు అందేవాళ్లే కాదు. ఘాటులో పోయిన పూట ఇక్కడ ఇలా కలిసివచ్చింది. గువాహటి నుంచి ఒకాయన పలికాడు. శ్రీనగర్ నుంచి ఒక అమ్మాయి పలికింది.

అరగంట ఎప్పుడో దాటిపోయింది. గంగుబాయి తాళంచెవి మీద చెయ్యి వేసి అడిగింది. "పోదమా? నిర్మల్ అందుకోవాలెనంటే ఇప్పుడే ఎల్లాలె."

సరోజనకు లెక్క తెలుసు. కదిలితే ఇంకో రెండు జిల్లాలు. జీపు కుర్రాళ్లను దాటినా దాటవచ్చు. ఇక్కడే ఉంటే ఉన్నవాళ్లతోనే మాట్లాడాలి. హెడ్‌ఫోన్లలో హోరు తగ్గలేదు. ఎవరో ఒక ముసలి గొంతు ప్రతిసారీ పిలుస్తోంది. ప్రతిసారీ ఎవరో ఒకరి కింద పడి నలిగిపోతోంది.

"గింతమంది లైన్ల ఉండంగ ప్లగ్గు పీకి ఎట్ల పోవాలె గంగూ? వీళ్లంత ఎన్నేండ్ల నుంచి ఎదురుచూస్తున్నరో. ఉందం."

గంగుబాయి తాళంచెవి తీసి జాకెట్టులో దోపుకుంది. వెనక్కి వచ్చి పక్కన కూర్చుంది. స్పీకరు కొంచెం పెంచమంది. ఒక్కొక్కరూ ఆదిలాబాద్, ఆదిలాబాద్ అని తమ తమ యాసల్లో అంటున్నారు. ఒకాయన అదిలబాదు అన్నాడు. ఇంకొకాయన ఆడిలాబాడ్ అన్నాడు. గంగుబాయి వింటూ వింటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"పెండ్లయి వచ్చినప్పుడు ఖనిల అందరు నన్ను అడివిదాన్నని నవ్వెటోళ్లు అక్కా. మా ఊరి పేరు గీ మందికి గావాల్నా?"

"ఇను మరి. నిన్నే అడుగుతున్నరు."

ఆ ముసలి గొంతుది తిరునెల్వేలి. నాలుగుసార్లు అడిగించుకుని సరోజన అతని అక్షరాలన్నీ రాసుకుంది. కొల్లం పెద్దాయన కోసం చివరిదాకా చెవి పెట్టింది గాని ఆయన రాలేదు. పోటీ ముగిసే వేళకు ఆమె గొంతు బొంగురుపోయింది, నడుము పట్టేసింది. పత్తి చేలమీద పొద్దు ఎర్రగా వాలుతోంది. ఆమె మైకు కింద పెట్టింది. చాలాకాలం తర్వాత తన పని తాను చేసినట్టు అనిపించింది.

ఆ పూట గంగుబాయి తల్లి ఇంటికి పోయారు. మర్నాడు ఖనికి వచ్చేసరికి రాజలింగు అరుగు మీదే ఉన్నాడు. రెండు రోజులూ ఇంట్లోని సెట్టుకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని శబ్దం నిండుగా పెట్టుకుని కూర్చున్నానని చెప్పాడు.

"మాటలు సమజ్ కాలె సరోజనా. గొంతు మాత్రం పట్టిన. నిన్న పొద్దుగూకి మస్తు మందితోని మాట్లాడినవు గద?"

ఆమె అతని పక్కన కూర్చుని, ఎవరెవరు పలికారో ఒక్కొక్క ఊరి పేరు చెవిలో చెప్పింది. అతను వింటూ ఒక్కో పేరుకు తల ఊపాడు.

ఫలితాలు వచ్చాయి. బండ్ల విభాగంలో జీపు కుర్రాళ్లది మొదటి స్థానం, సరోజనది రెండోది. ఒకే జిల్లా నుంచి అందరికన్నా ఎక్కువమందితో మాట్లాడిన స్టేషను మాత్రం ఆదిలాబాద్‌లో ఆగిన పసుపు వ్యాను. దానికి వేరే ప్రశంసాపత్రం ఉంది. పేరు ఎలా రాయాలని మల్లేష్ అడిగితే, "బండి గంగుబాయిది. ఆమె ఆపకపోతె నేను మాట్లాడకపోయేదాన్ని. ఇద్దరి పేర్లు రాయించున్రి," అంది సరోజన. రాయించారు.

గంగుబాయి దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. గాజు చట్రం కట్టించి వ్యానులో డ్రైవరు సీటు వెనక, పిల్లలకు ఎదురుగా బిగించింది. అది బిగించిన మర్నాడు బడికి పోయే వేళకు ఒకటో తరగతి పిల్ల ఒకతె దాని మీది బంగారు రంగు ముద్రను వేలితో తాకి, ఇదేంది ఆంటీ అని అడిగింది. గంగుబాయి బండి స్టార్టు చేయకుండా అలాగే వెనక్కి తిరిగి కూర్చుని, అందరూ సర్దుకుని కూర్చునేదాకా ఆగి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.